జీపునకు ఎత్తైన గాలి గొట్టము



వర్షాకాలమున వాగుకు ఆవలనున్న పొలమునకు జీపుపై పోవువారు మీలో చాలమంది కలరు. మోకాలి లోతే కదా యని నీటిలో దిగిన బండి నడుమ గుంటలో పడి, ఒక్క కుదుపుతో ఆగిపోవుట కొందరికి అనుభవమే. అట్లు ఆగిన ఇంజను ఒక్కొక్కప్పుడు మరల పనికి రాదు. కారణము తెలిసికొన్నచో నివారణ కష్టము కాదు.

ఇంజను ఎట్లు చెడును?

నాలుగు సిలిండర్లు గల రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు సుమారు 2,500 లీటర్ల గాలిని పీల్చును. పిస్టను ఆ గాలిని సుమారు ఇరువదవ వంతు చోటులోనికి నొక్కును. గాలి నొక్కుడు పడును గాని నీరు పడదు. ఒక్క సిలిండరులోనికి గరిటెడు నీరు పోయిన చాలును, పిస్టను ఆగి కనెక్టింగు రాడ్డు వంగును.

చాల బండ్లలో గాలి పీల్చు ద్వారము బానెట్టు క్రిందనే యుండును. దానిని బండి కప్పు ఎత్తునకు కొనిపోవుటయే ఈ గొట్టము పని. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జలాంతర్గాములు నీటి క్రిందనుండి ఇట్టి గొట్టముతో గాలి పీల్చి డీజిల్ ఇంజన్లు నడిపినవి. స్నోర్కెల్ అను పేరు అట్లు వచ్చినదే.

అమర్చు విధము

1. గొట్టపు లోపలి వ్యాసము, బండికి మొదట నున్న గాలి ద్వారము కంటె తగ్గరాదు. తగ్గినచో ఇంజనుకు ఊపిరాడక నల్లని పొగ వచ్చును, బలము తగ్గును. వంపులు ఎంత తక్కువైన అంత మంచిది.

2. బయటి నిలువు భాగమునకు పొలములో వాడు పి.వి.సి. గొట్టము చాలును. బానెట్టు లోపల అది వేడికి మెత్తబడును. అచ్చట ఇనుప గొట్టము గాని, తీగ చుట్టిన దళసరి రబ్బరు గొట్టము గాని వాడవలెను. తీగ లేని మెత్తని రబ్బరు, పీల్పునకు అణగిపోవును.

3. గొట్టమును గాలి ఫిల్టరునకు ముందు కలుపవలెను. ఫిల్టరును ఎన్నడును తీసివేయరాదు. ఫిల్టరు డబ్బా అడుగున నీరు కారు రంధ్రమున్న, వాగు దాటునపుడు దానిని బిరడాతో మూయవలెను.

4. గొట్టపు నోటిని వెనుకకు త్రిప్పి తీగవల కట్టవలెను. పొగ గొట్టమునకు దూరముగ నుంచి, ముందు అద్దపు స్తంభమునకు పట్టీలతో కదలకుండ బిగింపవలెను.

5. ప్రతి అతుకునకు క్లిప్పు వేయవలెను.

పరీక్ష

ఇంజనును నెమ్మదిగ నడుపుచు గొట్టపు నోటిని చెక్కపలకతో మూయుడు. కొలది క్షణములలో ఇంజను ఆగవలెను. ఆగనిచో ఎక్కడనో అతుకు వదులుగ నున్నదని అర్థము. గాలి దూరిన సందునుండి రేపు నీరు దూరును. అతుకు వదులైన గొట్టము కంటె అసలు గొట్టము లేకుండుటయే మేలు, ఏలనన లేనివాడు జాగ్రత్తగనైన నుండును. టర్బో ఇంజనుకు ఈ పరీక్ష చేయరాదు, మెకానిక్కునకు చూపవలెను.

మరచిపోరాని సంగతులు

గేరుపెట్టెకు, ఇరుసులకు గాలి రంధ్రములుండును. వానికిని సన్నని గొట్టములు పైకి లాగవలెను. నీట దిగి వచ్చిన పిమ్మట గేరునూనె పాలవలె తెల్లబడినచో వెంటనే మార్చవలెను. బ్రేకులు ఆరి పట్టువరకు మెల్లగ పోవలెను.

నీటిలో ఇంజను ఆగినచో మరల స్టార్టు చేయకుడు. బండిని బయటకు లాగించి, సిలిండర్లలోని నీరు తీయించిన తరువాతనే త్రిప్పవలెను.

బండికి ఇట్టి మార్పు చేయుటకు ముందు రవాణా శాఖ కార్యాలయమున విచారించుట మంచిది.

తుదకు ఒక్క మాట. ఈ గొట్టము ఇంజనును కాపాడును గాని బండిని పడవగా చేయదు. వేగముగ పారు నీరు రెండడుగుల లోతున్న, జీపును సైతము కొట్టుకొనిపోగలదు. నిలువ నీటిలో ముందుగ కర్రతో లోతు చూచి దిగుడు. పారు వాగు పొంగినపుడు గట్టుననే ఆగుడు. పొలము పని రేపైనను సాగును.