ఫీజు లేదు సరే, లెక్క ఉంది

"జర్మనీలో ఫీజులుండవంటగా?" అని మొదలుపెట్టి, "మరి ఈ పన్నెండు లక్షలేంటి?" దగ్గర ఆగాడు మా బావ. గుంటూరులో అక్కావాళ్ల డాబా మీద కూర్చున్నాం. మేనల్లుడు మెకానికల్ బీటెక్ చివరి ఏడాది. వాడి చేతిలో కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన నున్నటి కాగితం, దాని మీద అయిదు కాలేజీల పేర్లు.

"అది పోయే డబ్బా, ఉండే డబ్బా? ముందు అది చెప్పవయ్యా."

ఉండే డబ్బే. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కి వంద నుంచి మూడున్నర వందల యూరోల దాకా ఒక రుసుము కట్టాలి, చాలాచోట్ల బస్సు, రైలు పాసు కూడా అందులోనే వస్తుంది. మినహాయింపులున్నాయి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కి చాలా కోర్సుల్లో అది సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోలు.

పన్నెండు లక్షల సంగతి వేరు. దాన్ని బ్లాక్డ్ అకౌంట్ అంటారు. ఏడాదికి సరిపడా తిండి ఖర్చు, అద్దె మన దగ్గర ఉన్నాయని వీసాకు ముందే చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. యూరోకు వంద రూపాయలనుకుంటే దాదాపు పన్నెండు లక్షలు. అక్కడికి చేరాక నెలకు 992 యూరోల చొప్పున మన పిల్లవాడి ఖాతాలోకే వస్తుంది. అంతకుముందు ఈ మొత్తం 11,208 ఉండేది. మళ్లీ మారొచ్చు కాబట్టి, కట్టే ముందు ఎంబసీ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోవాలి. మ్యూనిక్ లాంటి ఊళ్లో 992 చాలదు, అద్దే సగానికి పైగా మింగేస్తుంది. పార్ట్‌టైమ్ చేసుకుంటాడులే అంటారు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోనిస్తారు, నిజమే. కానీ ఆ సంపాదన మొదటి ఏడాది బడ్జెట్లో రాసుకోవద్దని నా సలహా.

ఇక ఆ నున్నటి కాగితం. అయిదూ ప్రైవేటు కాలేజీలే, అయిదింటికీ ఫీజుంది. కన్సల్టెన్సీ మా దగ్గర పైసా తీసుకోలేదు. తీసుకోకుండా వాళ్లెలా బతుకుతున్నారన్నది మేం అడగాల్సిన ప్రశ్న. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఏజెంట్లకు కమీషన్ ఇవ్వవు, ప్రైవేటువి ఇస్తాయి. అందుకే ఉచిత సలహా తరచూ అటువైపే ఒరుగుతుంది. కోర్సుల జాబితా డాడ్ అనే జర్మన్ సంస్థ వెబ్‌సైట్లో అందరికీ తెరిచే ఉంది. ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులను విడిగా ఏరుకోవచ్చు.

పాత శుభలేఖ వెనక్కి తిప్పి లెక్క మొదలుపెట్టాం. జర్మన్ మార్కులు మనకు తలకిందులుగా ఉంటాయి: 1.0 అంటే అందరికన్నా పైన, 4.0 అంటే గట్టెక్కడం. మన పాయింట్లను మార్చడానికి అక్కడ వాడే సూత్రం ఒకటుంది. గరిష్ఠ పాయింట్లలోంచి మనకొచ్చినవి తీసేయాలి. మిగిలినదాన్ని, గరిష్ఠానికీ కనీస పాస్ పాయింట్లకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. మావాడికి 7.6. పాస్ పాయింట్లు 4 అయితే 2.2 వస్తుంది, 5 అయితే 2.44. ఒకే మెమో, రెండు జవాబులు! 2.3 దగ్గర గీత గీసిన కోర్సులో మొదటిది లోపల, రెండోది బయట. కాబట్టి మెమో వెనక గ్రేడ్ల పట్టికలో కనీస పాస్ పాయింటు ఎంతని ఉందో చూడకుండా ఎవరు చెప్పిన అంకే నమ్మొద్దు.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. మా చుట్టూ ఎవరూ చెప్పనిది క్రెడిట్ల సంగతి, మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. అమెరికాలో మెకానికల్ వాడు కంప్యూటర్లలోకి దూకడం మన ఇళ్లలో మామూలు కథ. జర్మనీలో చాలా మాస్టర్స్ కోర్సులు బీటెక్‌కు కొనసాగింపు. నువ్వు ఏ కాలేజీలో చదివావన్న దానికన్నా, ఏ సబ్జెక్టు ఎంత చదివావన్నదే ముందు తూకం వేస్తారు. కోర్సు పేజీలో "గణితం ఇన్ని క్రెడిట్లు, మెకానిక్స్ ఇన్ని క్రెడిట్లు" అని ఉంటుంది. అవి యూరప్ క్రెడిట్లు. అక్కడ ఏడాది చదువు 60, నాలుగేళ్లయితే 240. మన బీటెక్ సుమారు 160 క్రెడిట్లు. అంటే మనది ఒకటైతే వాళ్లది ఒకటిన్నర అని ఉజ్జాయింపుగా వేసుకోవచ్చు. తుది మాట మాత్రం ఆ విశ్వవిద్యాలయానిదే.

మావాడి మెమోలు పరిచాం. గణితం పేపర్లు ఎం-1, ఎం-2 నాలుగేసి క్రెడిట్లు, ఎం-3 మూడు. మొత్తం పదకొండు, ఒకటిన్నరతో పెంచితే పదహారున్నర. వాడు మనసుపడ్డ కోర్సుకు గణితం ఇరవై కావాలి. న్యూమరికల్ మెథడ్స్ అనే మూడు క్రెడిట్ల సబ్జెక్టు ఇంకొకటి ఉందని వాడికప్పుడు గుర్తొచ్చింది. పేరులో గణితమన్న మాట లేదు, లోపలున్నదంతా గణితమే. దాంతో ఇరవై ఒకటి. ఆ సంగతి వాళ్లకు తెలిసేదెలా? సిలబస్ పుస్తకంలోని ఆ పేజీలతో. వాటికోసం కాలేజీ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. పాత రెగ్యులేషన్ పుస్తకం చివరికి డిపార్ట్‌మెంట్ బీరువాలో దొరికింది.

తర్వాత ఏపీఎస్. మన సర్టిఫికెట్లు అసలువేనని తేల్చే పత్రమిది, 2022 నవంబరు నుంచి మన విద్యార్థుల్లో చాలామందికి వీసాకు తప్పనిసరి. రుసుము 18,000 రూపాయలు. మన తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది: ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పొడి అక్షరం, బీటెక్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అదే చివర. మనకు ముగ్గురూ ఒకడే. గుమాస్తాకు ముగ్గురు మనుషులు. దరఖాస్తులకన్నా ముందు పాస్‌పోర్టులో పేరు సరిచేయించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

దరఖాస్తులు కొన్ని నేరుగా తీసుకుంటారు. కొన్ని యూని-అసిస్ట్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా వెళ్లాలి. అందులో ఒక సెమిస్టర్‌కి మొదటిదానికి 75 యూరోలు, తర్వాతవాటికి 30 చొప్పున. పదింటికి వేస్తే 345 యూరోలు, అంటే ముప్పై నాలుగు వేల పైమాటే. క్రెడిట్లు సరిపోని పదింటికి పెట్టేకన్నా, సరిపోయే నాలుగింటికి పెట్టడం మేలు.

గడువులు కూడా మోసం చేస్తాయి. అక్టోబరులో మొదలయ్యే సెమిస్టర్‌కి జులై 15 అని చాలాచోట్ల చూస్తారు. విదేశీయులకు అనేక కోర్సులు మార్చి, మే నెలల్లోనే తలుపు మూసేస్తాయి. కాబట్టి అంతకుముందు వేసవిలోనే, అంటే మూడో ఏడాది అయిన వెంటనే, ఇంగ్లిష్ పరీక్ష, సిలబస్ పేజీల పని మొదలవ్వాలి. మావాడు ఆరు నెలలు ఆలస్యం. ఏప్రిల్ సెమిస్టర్‌కి పెట్టుకున్నాడు, దానికి కోర్సులు తక్కువ.

అడ్మిట్ వచ్చిన రోజే విద్యార్థి వసతి గృహాల వెయిటింగ్ లిస్టులో పేరు రాయించాలని వాడికి గట్టిగా చెప్పాను. గదిలో దిగిన రెండు వారాల్లోపు ఆ చిరునామా ఊరి కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే చాలా బ్యాంకులు ఖాతా తెరవవు. ఖాతా లేకపోతే ఆ 992 యూరోలు కదలవు. "అయితే మొదటి నెలకి చేతిలో వేరే పెట్టాలన్నమాట," అన్నాడు బావ. శుభలేఖ మీద ఆ అంకె కూడా రాశాడు.