జపాన్ రహదారి ట్రాఫిక్ సమాచార కేంద్రం

జపాన్ రహదారి ట్రాఫిక్ సమాచార కేంద్రం ఆ దేశంలోని రహదారుల స్థితిగతులను ఒకచోట చేర్చి ప్రజలకు తెలియజేసే జాతీయ సంస్థ. దీనిని క్లుప్తంగా జార్టిక్ అంటారు. ఇది 1970 జనవరిలో ఏర్పడినది. ఏ రహదారి మూసివేయబడినది, ఎక్కడ ప్రమాదం జరిగినది, ఎక్కడ వాహనాలు బారులు తీరి నిలిచిపోయాయి, ఒక చోటి నుండి మరొక చోటికి చేరడానికి ఎంత సమయం పడుతుంది మొదలైన విషయాలను ఈ సంస్థ రేడియో, టెలివిజన్, టెలిఫోను, అంతర్జాలం ద్వారా అందిస్తుంది. ఇదే సమాచారం విక్స్ అనే వ్యవస్థ ద్వారా వాహనాలలోని నావిగేషన్ పరికరాలకు కూడా చేరుతుంది.

జపాన్‌లో రహదారులను నిర్మించి నిర్వహించేవారు వేరు, వాటిపై ట్రాఫిక్‌ను నియంత్రించే పోలీసులు వేరు. కొండచరియ విరిగిపడిన సంగతి మొదటివారికి, వాహనాలు నిలిచిపోయిన సంగతి రెండవవారికి ముందుగా తెలియవచ్చును. ప్రయాణికునికి మాత్రం ఈ రెండూ ఒకేసారి, తాను అక్కడికి చేరకముందే తెలియాలి. ఈ సంస్థ చేసే పని ముఖ్యంగా ఇదే.

నేపథ్యం

1960వ దశకంలో జపాన్‌లో మోటారు వాహనాల సంఖ్య వేగంగా పెరిగినది. రహదారులు, సిగ్నళ్ళు, కాలిబాటలు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి. 1970లో రహదారి ప్రమాదాలలో 16,765 మంది మరణించారు. ఆ దేశ చరిత్రలో ఒక సంవత్సరంలో నమోదైన అత్యధిక సంఖ్య ఇదే. ఆ కాలపు పరిస్థితిని జపాన్‌లో "ట్రాఫిక్ యుద్ధం" అని వర్ణించేవారు.

ఇదే కాలంలో జరిగిన ఒక దుర్ఘటన, సమాచారం లేకపోవడం వలన ఎంత ప్రాణనష్టం జరుగగలదో దేశానికి చూపినది. 1968 ఆగస్టులో నగోయా ప్రాంతం నుండి ఏడు వందలకు పైగా యాత్రికులు 15 బస్సులలో నోరికురా పర్వతానికి బయలుదేరారు. దారిలో భారీ వర్షం కురియడంతో యాత్రను విరమించి వెనుకకు మరలారు. ఆగస్టు 18 తెల్లవారుజామున గిఫు రాష్ట్రంలోని షిరాకావా పట్టణం పరిధిలో, 41వ నంబరు జాతీయ రహదారిపై కొండచరియలు విరిగిపడి బస్సుల ముందు దారి, వెనుక దారి కూడా మూసుకుపోయాయి. నిలిచి ఉన్న బస్సులలో రెండింటిని బురద ప్రవాహం వరదతో పొంగుతున్న హిదా నదిలోకి నెట్టివేసినది. ఆ రెండు బస్సులలో ఉన్న 107 మందిలో 104 మంది మరణించారు.

ఈ దుర్ఘటన తరువాత రెండు ముఖ్యమైన మార్పులు వచ్చాయి. మొదటిది, ముందస్తు మూసివేత విధానం. కొండచరియలు విరిగిపడే అవకాశమున్న రహదారి భాగాలను గుర్తించి, వర్షపాతం నిర్ణీత పరిమాణాన్ని దాటగానే, ప్రమాదం జరుగకముందే రాకపోకలను ఆపివేస్తారు. రెండవది, రహదారి సమాచారాన్ని దేశమంతటా ఒకే సంస్థ ద్వారా సేకరించి అందించడం. దీని ఫలితమే జార్టిక్ స్థాపన. బాధితుల కుటుంబాలు వేసిన దావాలో 1974లో నగోయా హైకోర్టు, రహదారి నిర్వహణలో లోపానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని తీర్పునిచ్చినది.

ఈ రెండు మార్పులకు దగ్గరి సంబంధం ఉన్నది. దారిని మూసివేసినా ఆ వార్త ప్రయాణికులకు చేరకపోతే వారు అక్కడి వరకు వచ్చి చిక్కుకుపోతారు. వార్త చేరినప్పుడే మూసివేత పూర్తి ప్రయోజనాన్ని ఇస్తుంది.

సమాచార సేకరణ

జపాన్‌లోని 47 రాష్ట్రాలలోనూ పోలీసు శాఖకు ట్రాఫిక్ నియంత్రణ కేంద్రాలు ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ రహదారులను నడిపే సంస్థలకు, జాతీయ రహదారులను చూసే ప్రభుత్వ శాఖకు స్వంత నియంత్రణ కేంద్రాలు ఉన్నాయి. వీటన్నిటి నుండి జార్టిక్‌కు సమాచారం కంప్యూటర్ల ద్వారా నిరంతరం అందుతూ ఉంటుంది.

వాహనాల కదలికను తెలుసుకోవడానికి రహదారులపై పలు రకాల పరికరాలను అమర్చారు. వాటిలో ఒకటి అతిధ్వని పరికరం. ఇది రహదారికి పైన స్తంభానికి వేలాడుతూ క్రిందికి ధ్వని తరంగాలను పంపుతుంది. క్రింద వాహనం ఉన్నప్పుడు తరంగం నేల వరకు పోకుండా వాహనం పైకప్పును తాకి త్వరగా తిరిగి వస్తుంది. ఈ తేడాను బట్టి ఎన్ని వాహనాలు వెళ్ళాయి, ఒక్కొక్కటి ఎంతసేపు పరికరం క్రింద ఉన్నది అనే లెక్క తెలుస్తుంది. నేలలో పాతిన తీగచుట్టలు, కెమెరాలు కూడా ఇందుకు ఉపయోగపడతాయి. గస్తీ వాహనాల సిబ్బంది తెలిపే వివరాలు, మరమ్మతుల వివరాలు వీటికి తోడవుతాయి.

రద్దీని కొలిచే విధానం

"రద్దీగా ఉన్నది" అనే మాటకు అందరూ ఒకే అర్థం చెప్పుకోవాలంటే ఒక కొలత అవసరం. నగర వీధిలో గంటకు 30 కిలోమీటర్ల వేగం మామూలే. ఎక్స్‌ప్రెస్ రహదారిపై అదే వేగం స్తంభనకు గుర్తు. అందువలన రహదారి రకాన్ని బట్టి జార్టిక్ వేర్వేరు హద్దులను పాటిస్తుంది.

* సాధారణ రహదారులు: వేగం గంటకు 10 కి.మీ. లేదా అంతకు తక్కువైతే స్తంభన, 20 కి.మీ. వరకు రద్దీ.
* నగర ఎక్స్‌ప్రెస్ రహదారులు: 20 కి.మీ. లేదా అంతకు తక్కువైతే స్తంభన, 40 కి.మీ. వరకు రద్దీ.
* నగరాలను కలిపే ఎక్స్‌ప్రెస్ రహదారులు: 40 కి.మీ. లేదా అంతకు తక్కువైతే స్తంభన, 60 కి.మీ. వరకు రద్దీ.

పటాలలో స్తంభనను ఎరుపు రంగుతోను, రద్దీని నారింజ రంగుతోను చూపుతారు.

ప్రజలకు చేరే మార్గాలు

రేడియో: పోలీసుల, ఎక్స్‌ప్రెస్ సంస్థల నియంత్రణ కేంద్రాలలో ఉండే జార్టిక్ ఉద్యోగులు అక్కడి నుండే రేడియోలో సమాచారం చదువుతారు. ప్రజా ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. తోపాటు ప్రైవేటు కేంద్రాలు కూడా వీటిని ప్రసారం చేస్తాయి.

హైవే రేడియో: ఎక్స్‌ప్రెస్ రహదారుల కొన్ని భాగాలలో రహదారి నిర్వాహకులు 1620 కిలోహెర్ట్జ్ వద్ద ప్రత్యేక ప్రసారం చేస్తారు. ఇది ఆ కొద్ది దూరంలో మాత్రమే వినబడుతుంది. వాహనం ఆ భాగాన్ని దాటేలోపు పూర్తిగా వినగలిగేలా సందేశాన్ని చిన్నదిగా చేసి, మళ్ళీ మళ్ళీ వినిపిస్తారు.

టెలిఫోను: బయలుదేరే ముందు ఫోను చేసి దారి పరిస్థితి తెలుసుకోవచ్చును. సమాచారానికి రుసుము లేదు, ఫోను ఖర్చు మాత్రం పిలిచినవారిదే.

సూచిక ఫలకాలు: రహదారి ప్రక్కన, పైన ఉండే విద్యుత్ ఫలకాలు ముందున్న ప్రమాదాలను, ప్రయాణ సమయాన్ని చూపుతాయి. వీటిని పోలీసులు, రహదారి నిర్వాహకులు నడుపుతారు.

అంతర్జాలం: జార్టిక్ తన పటంలో దేశంలోని రద్దీని, మూసివేతలను చూపుతుంది.

విక్స్ వ్యవస్థ

రేడియోలో చదివే వార్త అందరికీ ఒకటే. ప్రయాణికుడు తన దారికి సంబంధించిన ముక్క కోసం ఎదురుచూడవలసి వస్తుంది. ఈ కొరతను తీర్చడానికి 1996 ఏప్రిల్‌లో టోక్యో పరిసరాలలోను, టోక్యో - నగోయా - కోబే ఎక్స్‌ప్రెస్ రహదారులపైనా విక్స్ సేవలు మొదలయ్యాయి. తరువాత ఇవి దేశమంతటా విస్తరించాయి.

జార్టిక్ నుండి వచ్చిన వివరాలను విక్స్ కేంద్రం సంకేతాలుగా మార్చి ఎన్.హెచ్.కె. ఎఫ్.ఎం. ప్రసారాలతో కలిపి పంపుతుంది. మామూలు రేడియోలో సంగీతం వినేవారికి ఈ సంకేతాలు వినబడవు. వాహనంలోని పరికరం మాత్రం వాటిని గ్రహించి అక్షరాలుగా, సరళమైన చిత్రాలుగా, లేదా పటంపై రంగు గీతలుగా చూపుతుంది. ఈ సమాచారం ప్రతి 5 నిమిషాలకు ఒకసారి మారుతుంది. సాధారణ రహదారులపై పరారుణ కిరణాల పరికరాలు కూడా వాహనాలకు సమాచారం పంపుతాయి. ఎక్స్‌ప్రెస్ రహదారులపై ఉండిన పాత రేడియో పరికరాల సేవ 2022 మార్చితో ముగిసినది. వాటి స్థానాన్ని ఇ.టి.సి. 2.0 అనే కొత్త వ్యవస్థ తీసుకున్నది. విక్స్‌కు నెలసరి చందా లేదు. దాని ఖర్చు పరికరం ధరలోనే కలిసి ఉంటుంది.

ప్రయోజనాలు

ముందున్న 10 కి.మీ. దూరంలో వాహనాలు గంటకు 20 కి.మీ. వేగంతో కదులుతున్నాయనుకుందాం. ఆ దూరానికి 30 నిమిషాలు పడుతుంది. గంటకు 80 కి.మీ. వేగంతో అయితే ఏడున్నర నిమిషాలు చాలు. ఈ తేడా ముందే తెలిసినవారు మరొక దారిని ఎంచుకోవచ్చును, విశ్రాంతి స్థలంలో ఆగవచ్చును, లేదా ప్రయాణాన్ని వాయిదా వేసుకోవచ్చును. బారు చివర నిలిచిన వాహనాలను వెనుకనుండి ఢీకొనే ప్రమాదం కూడా ముందస్తు హెచ్చరిక వలన తగ్గుతుంది.

ఏప్రిల్ చివరి నుండి మే మొదటి వారం వరకు వచ్చే "గోల్డెన్ వీక్" సెలవులలోను, ఆగస్టు నడుమ పితృదేవతలను స్మరించే "ఓబోన్" పండుగకు, కొత్త సంవత్సరానికి లక్షలాది మంది స్వగ్రామాలకు వెళతారు. ఆ రోజులలో ఏ సమయానికి ఎక్కడ ఎంత పొడవున బారులు ఏర్పడవచ్చునో ఎక్స్‌ప్రెస్ సంస్థలు ముందే అంచనాలు ప్రకటిస్తాయి. హిమపాతం వలన గొలుసులు లేదా మంచు టైర్లు తప్పనిసరి అయిన దారులు, బలమైన గాలుల వలన మూసివేసిన వంతెనలు కూడా ఈ సేవ ద్వారా తెలుస్తాయి.

2011 భూకంపం

2011 మార్చి 11న ఈశాన్య జపాన్‌లో వచ్చిన భూకంపం, సునామీ వలన అనేక రహదారులు తెగిపోయాయి. సహాయక బృందాలకు కావలసినది రద్దీ వివరం కాదు, ఏ దారి వెంట బాధితులను చేరవచ్చుననే వివరం. రహదారిపై స్థిరంగా ఉండే పరికరాలు తాము ఉన్న చోటి సంగతి మాత్రమే చెప్పగలవు. అవి లేని దారుల సంగతిని వాహనాలే తెలిపాయి. హోండా సంస్థ తన నావిగేషన్ సేవలో చేరిన వాహనాలు వాస్తవంగా నడిచిన దారులను మార్చి 12న పటంగా ప్రకటించినది. మార్చి 19 నాటికి హోండా, పయనీర్, టొయోటా, నిస్సాన్ సంస్థల వివరాలను కలిపి ఐ.టి.ఎస్. జపాన్ అనే సంస్థ ఒకే పటంగా అందించినది. నిన్న ఒక వాహనం వెళ్ళిన దారి నేడు కూడా తెరచి ఉంటుందనే హామీ లేదు. అయినప్పటికీ ఏ దారిని ముందుగా ప్రయత్నించాలో నిర్ణయించుకోవడానికి ఈ పటం ఉపయోగపడినది.

పరిమితులు

* పరికరాలు లేని చిన్న వీధులలో రద్దీ పూర్తిగా తెలియదు. పటంపై రంగు లేనంత మాత్రాన దారి ఖాళీగా ఉన్నదని అర్థం కాదు.
* సమాచారం సేకరించి పంపడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోపు పరిస్థితి మారవచ్చును.
* అందరూ ఒకే ప్రత్యామ్నాయ దారికి మళ్ళితే అక్కడ కొత్త స్తంభన ఏర్పడుతుంది.
* వాహనం నడుపుతూ తెరవైపు తదేకంగా చూడడం జపాన్‌లో చట్టవిరుద్ధం. 2019 డిసెంబరు నుండి దీనికి శిక్షలను పెంచారు.

హైదరాబాదుతో సంబంధం

158 కి.మీ. పొడవైన హైదరాబాదు బాహ్య వలయ రహదారి నిర్మాణంలో కొంత భాగానికి జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ (జైకా) 2008లో ఋణ ఒప్పందాలు చేసుకున్నది. వాహనాల రాకపోకలను గమనించి చోదకులకు సమాచారం అందించే వ్యవస్థ కూడా ఆ పథకంలో భాగంగా ఉన్నది.