ద్విభాషా విద్యార్థుల పఠనాభివృద్ధి: మూల్యాంకన సమస్యలు

ప్రవేశిక:
ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలలకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. వీటిలో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉంటాయి. పుస్తకం రెండు భాషలలో ఉన్నప్పటికీ పఠన పరీక్ష ఒక భాషకే పరిమితమైతే, ఆ భాష రాకపోవడాన్ని చదవడం రాకపోవడంగా పొరబడే ప్రమాదం ఉంది.

1. పఠనంలోని రెండు అంశాలు:
పఠనావగాహన అనేది లిపిని విప్పి చదవగల నేర్పు, భాషను విని గ్రహించగల శక్తి అనే రెండింటి గుణకార ఫలితమని గఫ్, టన్మర్ 1986లో ప్రతిపాదించారు. రెండింటిలో ఏది శూన్యమైనా ఫలితం శూన్యమే. ఇంగ్లీషు పేరాను గడగడా చదివి, అర్థం చెప్పలేని విద్యార్థికి లోపించినది పదసంపద. అదే పేరాను చదివి వినిపిస్తే గ్రహించగలిగి, స్వయంగా చదవలేని విద్యార్థికి లోపించినది లిపి పరిచయం. ఇద్దరికీ మార్కులు సమానంగా రావచ్చు. కావలసిన బోధన మాత్రం వేరు. కనుక ప్రతి భాషలోనూ శ్రవణావగాహనను విడిగా పరీక్షించవలసి ఉంటుంది.

2. లిపిభేదం - కొలమానం:
తెలుగులో అక్షరానికీ ఉచ్చారణకూ సంబంధం దాదాపు స్థిరం. అయితే గుణింతాలు, ఒత్తుల వల్ల నేర్వవలసిన రూపాలు వందల సంఖ్యలో ఉంటాయి. ఇంగ్లీషులో అక్షరాలు 26 మాత్రమే. కానీ 'బట్', 'పుట్' పదాలలో ఒకే అచ్చు రెండు విధాలుగా పలుకుతుంది. అందువల్ల రెండు భాషలలోనూ పఠన నైపుణ్యం ఒకే వేగంతో పెరగాలని ఆశించడం సరికాదు.
నిమిషానికి చదివిన పదాల లెక్క కూడా ఇక్కడ చిక్కు తెస్తుంది. 'ఆమె రాలేకపోయింది' అనే రెండు పదాల వాక్యం ఇంగ్లీషులో 'షి కుడ్ నాట్ కమ్' అని నాలుగు పదాలవుతుంది. పదాల సంఖ్యతో పోలిస్తే తెలుగు పఠనం అకారణంగా మందకొడిగా కనిపిస్తుంది. తెలుగుకు అక్షరాల లెక్క మరింత సముచితమైనది.

3. దోషాల వర్గీకరణ:
'అమ్మ'ను 'అమ' అని చదవడం ఒత్తును గుర్తించకపోవడం. 'స్కూల్'ను 'ఇస్కూలు' అనడం ఉచ్చారణ అలవాటు. పఠన దోషం కాదు. 'వెళ్తున్నాడు' అని ఉన్నచోట తెలంగాణ విద్యార్థి 'పోతుండు' అని చదివితే, అతడు అచ్చును తు.చ. తప్పక పలకకపోయినా అర్థాన్ని అందుకున్నాడనడానికి అది సాక్ష్యం. ఈ మూడింటినీ ఒకే 'తప్పు'గా లెక్కిస్తే మాండలికమే లోపంగా నమోదవుతుంది.

ముగింపు:
ద్విభాషా విద్యార్థి పఠనశక్తి రెండు భాషలలోనూ పంచుకొని ఉంటుంది. ఇంగ్లీషులో చదివిన కథను తెలుగులో తిరిగి చెప్పే అవకాశమివ్వడం, రెండు భాషల ఫలితాలను పక్కపక్కనే ఉంచి చూడడం, దోషాలను రకాలవారీగా నమోదు చేయడం అనే మూడు పద్ధతులకు ఖర్చు స్వల్పం. ఇవి లేకుండా విద్యార్థిని వెనుకబడినవానిగా నిర్ణయించడం శాస్త్రీయం కాదు.