ఒంటికాలి వంటవాడు

మన స్టడీ హాలు బీరువాలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటుంది. అది ఆర్.ఎల్. స్టీవెన్‌సన్ రాసిన 'ట్రెజర్ ఐలండ్'కు తెలుగు, నండూరి రామమోహనరావు గారి 'కాంచనద్వీపం'. సెలవులకు ఇళ్ళకు వెళ్ళని మేము కొందరం దాన్ని వంతులవారీగా చదివాము. చదివినంతసేపూ మా వాదన కథానాయకుడు జిమ్ గురించి కాదు, సముద్రపు దొంగ లాంగ్ జాన్ సిల్వర్ గురించే.

1881లో స్టీవెన్‌సన్ స్కాట్లాండ్‌లో ఉండగా సరదాకు గీసిన ఒక దీవి పటం నుంచి ఈ కథ పుట్టింది. 1883లో పుస్తకంగా వచ్చింది. రచయిత మొదట అనుకున్న పేరు 'ఓడ వంటవాడు'. ఆ వంటవాడే సిల్వర్. క్షయ వల్ల ఒక కాలు పోగొట్టుకున్న కవి హెన్లీ, స్టీవెన్‌సన్‌కు మిత్రుడు. ఆయన దొంగ కాదు సుమా! ఒంటికాలితోనే నలుగురినీ శాసించే ఆయన దర్పాన్ని రచయిత సిల్వర్‌కు ఇచ్చాడు.

జిమ్ తండ్రి కథ మొదట్లోనే చనిపోతాడు. ఒంటికాలి నావికుడొకడు వస్తాడేమోనని ముందే విని, ఆ కుర్రవాడు పీడకలలు కంటుంటాడు. తీరా బ్రిస్టల్ రేవులో సిల్వర్ నవ్వుతూ ఎదురైతే, ఇంత శుభ్రమైన మనిషి దొంగ ఎలా అవుతాడనుకుంటాడు. సిల్వర్ అతనికి ఓడల సంగతులు చెబుతాడు, చిలుకను చూపిస్తాడు, వయసుకు మించిన తెలివి నీదంటాడు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళను ఒక పెద్దమనిషి పేరుపెట్టి పిలిచి మెచ్చుకుంటే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒక సాయంత్రం జిమ్ ఆపిల్ పండు కోసం పీపాలోకి దిగుతాడు. బయట సిల్వర్ మరో కుర్ర నావికుణ్ణి దొంగల్లో కలుపుకుంటున్నాడు. తనను మెచ్చుకున్న ఆ మాటలతోనే వాణ్ణీ మెచ్చుకుంటున్నాడు! ఓడను పట్టుకునే కుట్ర బయటపడిందీ అక్కడే. కానీ జిమ్‌కు ముందు మండిపోయింది ఆ మెచ్చుకోలు విన్నందుకే. మేము రెండుసార్లు చదువుకున్న పేజీ ఇది.

సిల్వర్ మిగతా దొంగల్లా తాగి తగలేసేవాడు కాదు, డబ్బు బ్యాంకులో దాచుకుంటాడు. దీవిలో తన మాట కాదన్న టామ్ అనే నావికుడి వీపుకు చంకకర్ర విసిరి, పడిపోయినవాణ్ణి కత్తితో పొడిచి చంపుతాడు. పొదల్లోంచి చూసిన జిమ్‌కు కళ్ళు తిరుగుతాయి.

అలాంటివాడే జిమ్ దొంగల చేతికి చిక్కినప్పుడు చంపనివ్వక అడ్డం నిలబడ్డాడు. రేపు తనను ఉరి నుంచి తప్పించడానికి పనికొస్తాడనే అలా చేశాడని మాలో కొందరన్నారు. నిజమే, నిధి దొరుకుతుందనుకున్న పూట సిల్వర్ చూపు జిమ్‌ను చంపేసేలాగే ఉంది. గొయ్యి ఖాళీ అని తెలియగానే అతని చేతికే పిస్తోలు ఇచ్చి పక్షం మార్చాడు. మిగతావాళ్ళు, ఇష్టం లేనిదే అంత తెగింపు రాదన్నారు. ఇది తేలలేదు.

అందరం ఒప్పుకున్నది ఒక్కటే. డాక్టరు వచ్చి కంచె దూకి పారిపొమ్మంటే, సిల్వర్‌కు మాటిచ్చానని జిమ్ కదలలేదు. అబద్ధాలకోరుకిచ్చిన మాటను అంత నిక్కచ్చిగా నిలబెట్టాడు.

చివరికి సిల్వర్ ఒక సంచి నాణేలు దొంగిలించి పారిపోతాడు. ఓడలో ఉన్నవాళ్ళు పీడ వదిలిందనుకుంటారు.

పుస్తకం రెండో అరలో ఉంది. తీసినవారు తిరిగి అక్కడే పెట్టగలరు.