వడిసెలకు చోటు లేని చరిత్ర

2008లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక ప్రయోగం చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తాతలు తెచ్చిన పతకాలు, ఉత్తరాలు, డైరీలు, ఫొటోల నకళ్లను, వాటి వెనుక కథలను పంపమని సామాన్య కుటుంబాలను కోరింది. కొద్ది నెలల్లోనే 6,500కు పైగా అంశాలు చేరాయి. 2011 నుంచి యూరోపియానా సంస్థ ఇతర ఐరోపా దేశాల్లో ఆ పనిని కొనసాగించింది. అట్టడుగు సైనికుడి జ్ఞాపకం కూడా చరిత్రేనన్న ఆ గుర్తింపు విలువైనది. అయితే అదే పద్ధతితో నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలకు వెళ్తే మనకు దొరికేదేమిటి?

ఈ నేల మీద జనం స్వయంగా చేసిన యుద్ధం 1946–51 నాటి సాయుధ పోరాటం. దాదాపు 2,000 మంది గెరిల్లాలు, 10,000 మంది గ్రామ దళ సభ్యులు ఇందులో పాల్గొన్నారని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క కట్టారు. వారిలో అత్యధికులు వెట్టి చేసిన కులాలవారు, పేద రైతులు, కూలీలు. 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ. కౌలు భూమిలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వని ఐలమ్మ చాకలి. ఆ రెండు ఊళ్లూ నాటి నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకావే. 1948 తర్వాత దళాలు నల్లమలకు తరలినప్పుడు ఆశ్రయమిచ్చినవారు చెంచులు.

ఈ యోధుల ఇళ్లలో పతకాలుండవు. వారి ఆయుధాలు వడిసెల, గుతుప, రోకలి, కారప్పొడి. అవి యుద్ధం కోసం తయారైనవి కావు. పోరాటం ముగియగానే వడిసెల జొన్నచేను మంచె మీదికి, రోకలి ఇంటి దంపుడుకు తిరిగి వెళ్లాయి. గొంగడి చిరిగేదాకా ఒంటి మీదే ఉంది. ఒక వస్తువును వాడకం నుంచి తప్పించి జ్ఞాపకంగా దాచుకోవాలంటే దాని అవసరం తీరిపోవాలి. ఆ వెసులుబాటు కూడా మన సమాజంలో కులాన్ని బట్టే దక్కింది.

కాగితం సంగతీ అంతే. ఆ పోరాటంలో ప్రజలు గడీలలోని అప్పు పత్రాలను తగలబెట్టారు. బహుశా వారు ఇంటికి తెచ్చుకున్న అసలైన విజయచిహ్నం ఆ పత్రాలు లేకపోవడమే. తర్వాత రాజ్యం అడిగింది మాత్రం కాగితాన్నే. 1980 నాటి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం 6 నెలల జైలు నిబంధనను మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 3 నెలలకు సడలించింది. రుజువు విషయంలో మాత్రం అధికారిక రికార్డో, దీర్ఘకాలం జైలులో ఉన్న మరో సమరయోధుడి ధ్రువపత్రమో కావలసిందే. చదువున్న నాయకులు ఆత్మకథలు రాసుకోగలిగారు. వారి త్యాగం గొప్పది, కాదనలేం. కానీ దళానికి అన్నం మోసినవారు, చెప్పులు కుట్టినవారు, కబురు చేరవేసినవారు ఆ పుస్తకాల్లో తరచూ పేరు లేకుండానే మిగిలిపోయారు.

దీనికి దారి చూపిన ప్రయత్నం మన దగ్గరే ఉంది. స్త్రీశక్తి సంఘటన పోరాట మహిళలను కలిసి, వారి మాటల్లోనే ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. ఆ పనిని ఇప్పుడు కులం కోణం నుంచి కొనసాగించాలి. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇందుకు పూనుకోవచ్చు. సేకర్త సర్పంచి ఇంటి అరుగు మీద కాక వాడలో కూర్చోవాలి. కథనాన్ని చెప్పినవారి యాసలోనే నమోదు చేయాలి. వడిసెలను ఎవరు అల్లారు, దళం తిన్న జొన్నరొట్టె ఎవరి పొయ్యి మీద కాలింది అని అడగాలి. వస్తువును ఫొటో తీసుకొని, దాన్ని కుటుంబానికే వదిలేయాలి.

1948లో 20 ఏళ్లున్నవారు నేడు బతికి ఉంటే వందేళ్లకు చేరువవుతారు. ఇక మనకు మిగిలింది కొడుకులు, కూతుళ్లు, మనవలు విన్న మాటలే. ఆ మాటల్లో వీరగాథలే కాదు, భూమి లెక్కలూ ఉన్నాయి. పోరాటంలో పంచిన చెలక ఏది, పోలీసు చర్య తర్వాత దొర తిరిగొచ్చి లాక్కున్నదేది అన్నది ఆ కుటుంబాలకు సర్వే నంబరుతో పని లేకుండా తెలుసు. ఐలమ్మ పేరు విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం, సంతోషం. ఆమెతో పాటు నిలబడినవారి పేర్లు, వారు పోగొట్టుకున్న భూముల వివరాలు కూడా విశ్వవిద్యాలయాల రికార్డులకు ఎక్కాలి.