డబ్లిన్ గుమాస్తాల నాటక కంపెనీ, మదనపల్లె మాస్టారు: ఐరిష్ జాతీయ రంగస్థలం వెనక ఎవరున్నారు?

డబ్లిన్‌లోని ఐరిష్ రైల్వే క్లియరింగ్ హౌస్‌లో పాడ్రిక్ కోలమ్ అనే యువకుడు గుమాస్తా. ఒక రైల్వే కంపెనీ దగ్గర కొన్న టికెట్‌తో ప్రయాణికుడు ఇంకో కంపెనీ లైను మీద కూడా వెళితే, ఆ డబ్బులో ఎవరి వాటా ఎంతో తేల్చే ఆఫీసు అది. పగలంతా అంకెలతో గడిపి, సాయంత్రం ఆయన నాటకం రిహార్సల్‌కు వెళ్లేవారు. 1902 నాటి మాట ఇది.

ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్టణాలకు ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, పోర్షన్ అప్పజెప్పడానికి పరిగెత్తే మనుషులు మనకూ తెలుసు. అలాంటి మనుషులు డబ్లిన్‌లో ఓ పాతిక ముప్ఫై మంది కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీయే తర్వాత ఆబీ థియేటర్ అయింది. ఐర్లండ్ జాతీయ రంగస్థలం అదే.

పుస్తకాల్లో దీని ఘనత సాధారణంగా కవి డబ్ల్యు.బి. యేట్స్‌కు, లేడీ గ్రెగొరీకి, నాటక రచయిత జె.ఎం. సింగ్‌కు దక్కుతుంది (ఇంటిపేరు చూసి పంజాబీ అనుకోవద్దు, ఆయన డబ్లిన్ దగ్గర పుట్టిన ఐరిష్ వ్యక్తే). ఆ ముగ్గురూ గొప్పవాళ్లే. కానీ కంపెనీని మొదలుపెట్టింది వాళ్లు కాదు. మొదలుపెట్టినవాళ్లలో ఒకరు మాటపట్టింపుతో బయటికొచ్చి, చివరికి మన మదనపల్లె చేరారు. అక్కడే కన్నుమూశారు. పేరు జేమ్స్ కజిన్స్.

ఎలక్ట్రీషియన్ తమ్ముడు, గుమాస్తా అన్న

యేట్స్, గ్రెగొరీ, ఎడ్వర్డ్ మార్టిన్ కలిసి 1899లో ఐరిష్ లిటరరీ థియేటర్ ప్రారంభించారు. ఐరిష్ నాటకాలు కావాలన్నది వాళ్ల పట్టుదల. చిక్కేమిటంటే వేషాలు వేసింది ఎక్కువగా ఇంగ్లండ్ నటులు. ఐర్లండ్ పల్లె మాట ఇంగ్లిష్ నటుడి నోట ఎలా పలుకుతుందో ఊహించుకోవచ్చు. మూడు సీజన్లతో, 1901లో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

అప్పటికే డబ్లిన్‌లో ఫే సోదరులు ఉన్నారు. తమ్ముడు విలియం ఎలక్ట్రీషియన్. కొన్నాళ్లు ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో పనిచేసి రంగస్థలం ఒడుపు నేర్చుకున్నారు. అన్న ఫ్రాంక్ ఆఫీసు ఉద్యోగి. ఆర్థర్ గ్రిఫిత్ నడిపే 'యునైటెడ్ ఐరిష్‌మన్' పత్రికలో నాటక విమర్శలు రాసేవారు. ఐరిష్ నాటకం ఐరిష్ నటులే ఆడాలని అందులో పదే పదే వాదించారు. ఇద్దరూ దొరికిన చిన్న హాళ్లలో ఔత్సాహిక నటులతో ప్రహసనాలు ఆడిస్తూ ఉండేవారు.

వాళ్లకు లోటు ఒక్కటే, మంచి నాటకం. ఇక్కడే కజిన్స్ వస్తారు. ఆయన 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు, అక్కడ మేయర్‌కు కార్యదర్శిగా పనిచేశారు, 1897లో డబ్లిన్ వచ్చారు. గుమాస్తాగిరీ చేస్తూ కవిత్వం రాసేవారు. కవి జార్జ్ రస్సెల్ రాస్తున్న 'డియర్‌డ్ర' అనే నాటకం సంగతి ఫే సోదరులకు చెప్పి, రస్సెల్‌కు వాళ్లను పరిచయం చేసింది కజిన్సే. రస్సెల్ నాటకం పూర్తిచేసిచ్చారు. దానికి జోడీగా యేట్స్ తన 'కాథ్లీన్ నీ హూలిహన్' ఇచ్చారు.

1902 ఏప్రిల్ 2న, మద్యపాన వ్యతిరేక సంఘానికి చెందిన సెయింట్ టెరెసా హాల్‌లో ఆ రెండూ ఆడారు. పక్క గదిలోంచి బిలియర్డ్స్ బంతుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అండగా నిలిచింది 'ఐర్లండ్ పుత్రికలు' అనే మహిళా సంఘం. దాని నాయకురాలు మాడ్ గాన్ స్వయంగా కాథ్లీన్ వేషం వేశారు. కాథ్లీన్ అంటే ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న ముసలావిడ రూపంలో వచ్చే ఐర్లండ్ దేశమే. 'డియర్‌డ్ర'లో కోలమ్, కజిన్స్ కూడా చిన్న వేషాలు వేశారు. ఎవరికీ పైసా జీతం లేదు.

ఆ ఏడాది చివరికి క్యామ్‌డెన్ వీధిలో ఒక సరుకుల దుకాణం వెనకున్న హాలును అద్దెకు తీసుకున్నారు. ఇరుకు వేదిక, కారే కప్పు, చలి. బెంచీలు కూడా వాళ్లే తయారుచేసుకున్నారు.

ఓటు ఎవరిది?

1903 ఫిబ్రవరిలో కంపెనీ ఐరిష్ నేషనల్ థియేటర్ సొసైటీగా మారింది. యేట్స్ అధ్యక్షుడు. కానీ నియమావళి చాలా ప్రజాస్వామికంగా ఉంది. ఏ నాటకం ఆడాలో సభ్యులు ఓటేసి, నాలుగింట మూడొంతుల మెజారిటీతో నిర్ణయించాలి. పెద్ద కవికీ ఒకటే ఓటు, రైల్వే గుమాస్తాకీ ఒకటే ఓటు.

మన దగ్గర ఇలాంటి చిక్కు తక్కువ. సురభి వాళ్లది కుటుంబ కంపెనీ, ఇంటి పెద్దే కంపెనీ పెద్ద. బళ్లారిలో ధర్మవరం కృష్ణమాచార్యులు స్థాపించిన సరస వినోదిని సభకు ఆయనే రచయిత, ఆయనే నటుడు, ఆయనే సారథి. పైగా వృత్తిరీత్యా ఆయన వకీలు. డబ్లిన్‌లో రచయిత ఒకరు, దర్శకుడు ఒకరు, డబ్బిచ్చేవాళ్లు మరొకరు. అక్కడ ఓటుకు విలువ ఉంది కాబట్టే దాని మీద గొడవా వచ్చింది.

మొదటి దెబ్బ కజిన్స్‌కే తగిలింది. 1902 అక్టోబర్‌లో ఆయన రాసిన 'ద స్లీప్ ఆఫ్ ది కింగ్', 'ద రేసింగ్ లగ్' రెండింటినీ కంపెనీ ఆడింది. మొదటిది పురాణగాథ, రెండోది ఉత్తరాది సముద్రతీరపు జాలరి కుటుంబం కథ. ఆ తర్వాత ఆయన 'సోల్డ్' అనే హాస్యనాటిక ఇచ్చారు. ఫే సోదరులకు నచ్చింది, రిహార్సల్ కూడా మొదలైంది. యేట్స్ మాత్రం అది ససేమిరా పనికిరాదన్నారు. నాటిక ఆగిపోయింది. కజిన్స్ కంపెనీకి దూరమయ్యారు.

నాటిక నిజంగా బాగుందా లేదా అన్నది వేరే సంగతి. కజిన్స్ గొప్ప నాటక రచయిత అని ఆయన అభిమానులు కూడా పెద్దగా వాదించరు. యేట్స్‌కు నాణ్యత గురించి ఉన్న పట్టింపు లేకపోతే ఆబీ ఇంత దూరం వచ్చేది కాదేమో కూడా. కానీ ఓటుతో నడవాల్సిన చోట ఒక మనిషి మాట నెగ్గవచ్చని ఆ రోజు అందరికీ అర్థమైంది.

1903 అక్టోబర్‌లో సింగ్ నాటకం 'ఇన్ ద షాడో ఆఫ్ ద గ్లెన్' ఆడినప్పుడు గొడవ బజారుకెక్కింది. ముసలి మొగుణ్ని వదిలి దేశదిమ్మరితో వెళ్లిపోయే పల్లె ఇల్లాలి కథ అది. ఐరిష్ స్త్రీని అవమానించారంటూ మాడ్ గాన్, నటి మేరీ క్విన్, నటుడు డడ్లీ డిగ్గెస్ బయటికి నడిచారు.

టీ పొడి డబ్బు, షిల్లింగ్ సీటు

1903 మేలో కంపెనీ లండన్ వెళ్లి ఒకే రోజు నాటకాలాడి వచ్చింది. శనివారం సెలవు చూసుకుని వెళ్లి, సోమవారం మళ్లీ ఆఫీసుల్లో కూర్చున్నారు. విమర్శకులు మెచ్చుకున్నారు. ఇంగ్లండ్‌లో టీ వ్యాపారంతో సంపన్నమైన కుటుంబానికి చెందిన యానీ హార్నిమన్ ముందుకొచ్చారు. ఆబీ వీధిలోని మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ హాలును, దాని పక్కనే ఉన్న పాత శవాగారాన్ని కలిపి థియేటర్‌గా మార్పించారు. 1904 డిసెంబర్ 27న ఆబీ తెరుచుకుంది.

ఆమె కంపెనీకి ఊపిరి పోశారు, కానీ షరతులూ పెట్టారు. రాజకీయాలు వద్దు. ఆరు పెన్నీల సీట్లూ వద్దు, టికెట్ కనీసం ఒక షిల్లింగ్ ఉండాలి. పేదవాడికి నాటకం అంటే ఆరు పెన్నీలే. జాతీయ రంగస్థలం అని పేరు పెట్టి సగటు కూలీని గుమ్మం బయటే ఆపేశారన్న విమర్శ వచ్చింది. 1906లో ఆ సీట్లు మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

1905లో అసలు మార్పు జరిగింది. సొసైటీ పోయి లిమిటెడ్ కంపెనీ వచ్చింది. యేట్స్, గ్రెగొరీ, సింగ్ డైరెక్టర్లయ్యారు. నటులకు జీతాలొచ్చాయి, ఓటు పోయింది. ఇది లాభమా నష్టమా? రోజంతా ఆఫీసులో అలిసిపోయి వచ్చి నటించేవాళ్లకు జీతమంటే వరమే. నటనలో మెరుగుదల కూడా దాని వల్లే వచ్చింది. అయినా మేరీ వాకర్, కోలమ్ లాంటి వాళ్లకు అది రుచించలేదు. తాము కట్టుకున్న ఇంట్లో అద్దెకుండటంలా తోచింది. బయటికి వెళ్లి 1906లో 'థియేటర్ ఆఫ్ ఐర్లండ్' పెట్టుకున్నారు. చివరికి 1908 జనవరిలో ఫే సోదరులూ వెళ్లిపోయారు. కంపెనీ మొదలుపెట్టిన ఆరేళ్లకే అందులో వాళ్లకు చోటు లేకుండా పోయింది.

ఈ మనుషుల తర్వాతి జీవితాలు చూస్తే వాళ్లకు నాటకం కాలక్షేపం కాదని తెలుస్తుంది. 1916 ఈస్టర్ తిరుగుబాటులో మేరీ వాకర్ పాల్గొన్నారు. ఆబీ నటుడు షాన్ కానలీ డబ్లిన్ సిటీ హాల్ దగ్గర పోరులో చనిపోయారు. ఆబీలో నాటక సామగ్రి చూసుకునే పీడర్ కార్నీ రాసిన పాట తర్వాత ఐర్లండ్ జాతీయ గీతమైంది. రైల్వేతో మొదలైన కథ కాబట్టి ఇదీ చెప్పుకోవాలి. 1923 నుంచి వరుసగా హిట్ నాటకాలిచ్చి అప్పుల్లో ఉన్న ఆబీని గట్టెక్కించిన షాన్ ఓకేసీ ఒకప్పుడు రైల్వే కూలీ.

మదనపల్లెలో

ఇక కజిన్స్. 1903లో ఆయన సంగీతం చదువుకున్న మార్గరెట్ గిలెస్పీని పెళ్లి చేసుకున్నారు. దంపతులిద్దరూ శాకాహారులు. 1904 జూన్‌లో వాళ్లింట్లో రెండు రోజులున్న రచయిత జేమ్స్ జాయిస్ ఆ భోజనం పడక వెళ్లిపోయారని చెబుతారు. మార్గరెట్ స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో చేరి లండన్‌లోనూ, ఐర్లండ్‌లోనూ జైలుకెళ్లారు. 1915లో అనీబిసెంట్ పిలుపుతో ఇద్దరూ మద్రాసు వచ్చారు.

జేమ్స్‌కు బిసెంట్ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో ఉద్యోగం. ఏడాది తిరగకుండానే డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. మరణశిక్ష పడినవాళ్లలో ఒకరైన థామస్ మెక్‌డోనా 1908లో ఆబీకి నాటకం రాసిన వ్యక్తి. తిరుగుబాటును మెచ్చుకుంటూ కజిన్స్ వ్యాసం రాశారు. ప్రభుత్వం ఊరుకోలేదు, ఉద్యోగం పోయింది. బిసెంట్ ఆయన్ను మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు పంపారు. అక్కడ ఇంగ్లిష్ చెప్పారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. రాజస్థాన్ మీరాబాయి కథతో 'ద కింగ్స్ వైఫ్' అనే నాటకం కూడా రాశారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె వచ్చారు. ఆబీకి టాగోర్ కొత్తవారు కాదు. 1913 మేలో 'ద పోస్టాఫీస్' అక్కడే ఆడారు. ఇంగ్లిష్ పాఠకులకు ఆయన్ను పరిచయం చేసిన యేట్సే, కజిన్స్ నాటికను ఆపిన యేట్స్. మదనపల్లెలో టాగోర్ జనగణమన పాడి వినిపించారు. దాన్ని ఇంగ్లిష్‌లోకి 'ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' పేరుతో అనువదించింది అక్కడే. మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాశారు. జాతీయ గీతం బాణీ మదనపల్లెలో పుట్టిందని తరచూ రాస్తుంటారు. బాణీ టాగోర్‌దే, దాన్ని కాగితం మీద స్వరబద్ధం చేసింది మార్గరెట్. 1937లో జాతీయ గీతం మీద దేశంలో వాదం నడుస్తున్నప్పుడు జేమ్స్ జనగణమన పక్షాన పత్రికకు లేఖ రాశారు.

ఐర్లండ్‌లో నేర్చుకున్నది ఆయన మర్చిపోలేదనడానికి మైసూరు ఉదంతం ఒకటుంది. 1924లో ఓ విద్యార్థి తన ఇంగ్లిష్ కవితలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లారు. మాతృభాషలో రాయమని కజిన్స్ సలహా ఇచ్చారు. ఆ విద్యార్థే తర్వాత జ్ఞానపీఠం అందుకున్న కన్నడ మహాకవి కువెంపు. చిత్రమేమిటంటే ఆ సలహా ఇచ్చిన కజిన్స్ జీవితాంతం రాసింది ఇంగ్లిష్‌లోనే.

మార్గరెట్ 1917లో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపకుల్లో ఒకరు, 1927లో అఖిల భారత మహిళా సదస్సుకు మూలం. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులను బహిరంగంగా విమర్శించి వెల్లూరు జైలుకెళ్లారు. భార్యాభర్తలు కలిసి రాసుకున్న ఆత్మకథ 'వీ టు టుగెదర్' 1950లో మద్రాసులో అచ్చయింది. ఫే సోదరులూ, డబ్లిన్ రిహార్సళ్లూ అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది, 1951లో, డబ్లిన్‌లో పాత ఆబీ భవనం అగ్నిప్రమాదంలో దెబ్బతింది. మార్గరెట్ 1954లో, జేమ్స్ 1956 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మదనపల్లెలో ఇప్పటికీ ఆ దంపతుల పేరు వినిపించేది జనగణమన సందర్భంలోనే.