ఆ పేరు ఎక్కడ రాసుకోవాలి?

మా పాప తొమ్మిదో తరగతి. దసరా సెలవులకు స్కూల్ లైబ్రరీ నుంచి అన్నే ఫ్రాంక్ డైరీ తెచ్చుకుంది. రెండు రోజులు అన్నానికి పిలిచినా పలకలేదు. మూడోరోజు నేను చపాతీలు చేస్తుంటే వచ్చి, "అమ్మా, ఈ అమ్మాయి డైరీ రాయడం మొదలుపెట్టింది 1942లోనట. మన మిల్లు కూడా అప్పటిదే కదా?" అంది.

నిజమే. మా ఊరు కాగజ్‌నగర్. పేరులోనే కాగితం ఉంది. సిర్పూర్ మిల్లులో కాగితం తయారవడం మొదలైంది 1942లోనే. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో కాపురముంటూ, కథలు రాసుకుంటూ కూడా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు. ఇక్కడ కాగితం చుట్టలు బయటికొస్తున్న ఏడాదే, ఎక్కడో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఓ పదమూడేళ్ళ పిల్ల పుట్టినరోజుకి వచ్చిన పుస్తకంలో తన మనసు రాసుకోవడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండానే ఆ కుటుంబం దాక్కోవలసి వచ్చింది. 1944 ఆగస్టు 4న పట్టుకుపోయారు. దాక్కున్న ఎనిమిదిమందిలో ప్రాణాలతో తిరిగొచ్చింది అన్నే తండ్రి ఒక్కడే. నేలమీద చెల్లాచెదురుగా పడిన ఆ పిల్ల కాగితాలను మీప్ గీస్ అనే ఆవిడ ఏరి, సొరుగులో దాచిపెట్టింది. దాచబట్టే మా పాప చేతికి వచ్చాయి.

హోలోకాస్ట్‌లో చంపేసిన యూదులు సుమారు 60 లక్షల మంది. ఈ అంకె నేను డిగ్రీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. ఏడుపు మాత్రం రాలేదు. ఆష్విట్జ్‌లో మనుషుల చేతులమీద నంబర్లు పొడిచేవారట. పేరు తీసేస్తే సగం చంపినట్టేనని వాళ్ళకు తెలుసు కాబోలు. అందుకేనేమో, జెరూసలేంలో 1953లో పెట్టిన యాద్ వాషెమ్ అనే సంస్థ పేర్లు వెతకడమే పనిగా పెట్టుకుంది. ఆ మాటకు అర్థం కూడా 'ఒక జ్ఞాపకం, ఒక పేరు' అనే. చనిపోయినవాళ్ళ బంధువులో, తెలిసినవాళ్ళో ఒక కాగితం నింపి ఇస్తారు. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, చేసే పని, ఎక్కడ పోయారో తెలిస్తే అది. ఇలాంటి కాగితాలూ, పాత జాబితాలూ వెతికి 48 లక్షలకు పైగా పేర్లు పోగుచేశారు. మిగతావాళ్ళ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఇదంతా పాప నాకు చదివి వినిపిస్తుండగా సీతాఫలాలావిడ వచ్చింది. జైనూరు వైపు గూడెం నుంచి ఏటా ఈ సీజన్లో వస్తుంది. గోండు మనిషి. చేతులనిండా పచ్చబొట్లు. మంచినీళ్ళు తాగుతూ, "ఏం చదువుతున్నవు బిడ్డా?" అనడిగింది. పాప తనకు వచ్చినట్టు చెప్పింది. ఆవిడ కాసేపు ఊరుకుని, "గసొంటిది మాకూ అయింది, ఇంద్రవెల్లిల" అంది.

ఇంద్రవెల్లి! కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినప్పుడల్లా ఆ ఎర్ర స్తూపం చూశాను. ఒకసారి దాని దగ్గర బస్సాగితే దిగి పిల్లలకు జామపళ్ళు కొన్నాను కూడా. అంతే. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూములకు పట్టాలు కావాలని, పంటకు ధర కావాలని గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంది. అనుమతి రద్దయిన సంగతి గూడేలకు తెలియదు, జనం వచ్చేశారు. పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. హక్కుల సంఘాలవాళ్ళు తిరిగి చూస్తే ఆ లెక్క ఎన్నో రెట్లు పెరిగింది. కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేస్తే మళ్ళీ కట్టారు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడ 144 సెక్షనే. తమవాళ్ళకోసం నాలుగు పూలు పెట్టుకోవడానికీ ఆంక్షలే. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి వచ్చి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు.

లక్షలమందిని రైళ్ళలో తోలుకెళ్ళి, యంత్రాలు పెట్టి చంపినదీ, ఒక మధ్యాహ్నం సంతలో జరిగినదీ ఒకటేనని నేననడం లేదు. కానీ ఇంట్లోంచి పోయిన మనిషి పోయినట్టే కదా.

"అప్పుడు నాకు పదేండ్లుంటయి. మా చిన్నాయిన ఉప్పు తెస్తనని సంతకు పోయిండు. తొడల తూటా తగిలింది. దవఖానకు తీస్కపోతే పోలీసులు పట్టుకుంటరని అడివిలనే దాసిన్రు. నాలుగొద్దులకు పాయె. గా పదమూడుల ఆయన లేడు" అంది.

ఆవిడ ఏడవలేదు. పళ్ళు లెక్కపెడుతూనే చెప్పింది. డజనుకు రెండు ఎక్కువే వేసింది, రోజూ బేరమాడే నాకు ఆరోజు నోరు పెగల్లేదు.

పాప పెన్ను తెచ్చుకుని, "ఆయన పేరేంటి పెద్దమ్మా?" అంది. ఆవిడ చెప్పింది. తండ్రి పేరూ చెప్పింది. ఊరు, వయసు, వ్యవసాయం. నేను ఉండబట్టలేక, "పెద్దమ్మా, నేను పేపర్లకు రాస్తుంటాను. ఈ పేరు వేయమంటావా?" అన్నాను.

"రాసుకో బిడ్డా. గని పేపర్ల వెయ్యకు."

"నలభై ఏళ్ళు దాటింది కదా, ఇంకా భయమేంటి?"

ఆవిడ గంప తలకెత్తుకుంటూ, "నా కొడుకు పోడు భూమికి పట్టా ఇంక రావాలె" అంది.

అందుకే ఆ పేరు ఇక్కడ వేయడం లేదు. మా పాల లెక్కల నోట్‌బుక్కు చివరి పేజీలో ఉంది, పాప చేతిరాతలో.